ఆ గోడకు మేం రంగు వేయం

తొమ్మిదో తరగతిలో అందరికంటే పొట్టిది కావడంతో ఆ పిల్లకి బుడంకాయ అని పేరు పడిపోయింది. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరి నోటా వినపడదు. వాళ్లమ్మ ఆసుపత్రి ల్యాబులో రోజంతా జనం దగ్గర రక్తం తీసి తీసి, సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఈ పిల్ల ప్రశ్నల మూట విప్పుకుని గుమ్మంలోనే కూర్చునేది. "నీకంటే నా సూదే నయమే తల్లీ, ఒక్కసారి గుచ్చి ఊరుకుంటుంది" అనేది ఆవిడ చెప్పులు విప్పుతూ.

బడివాళ్లు విదేశీ యాత్ర అని ప్రకటించినప్పుడు అమ్మ మొదట ససేమిరా అంది. దేశం కాని దేశంలో, కొండలూ నదులూ అంటూ పిల్లల్ని తిప్పడమేమిటని సణిగింది. కానీ ఆ యాత్రలో సగం సాహసం, సగం సేవ అని బడివాళ్లు చెప్పారు. పైగా చివర్లో ఒక సర్టిఫికెట్ ఇస్తారట, అది రేపు కాలేజీల్లో బాగా పనికొస్తుందట. ఆ మాట దగ్గర అమ్మ మెత్తబడింది. "సరే పో. కొన్నాళ్లు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది" అని పెట్టె సర్దింది. సర్దుతూ స్వెట్టర్లు రెండు ఎక్కువే పెట్టింది.

పిల్లలతో సైన్సు మేడమ్ వచ్చింది. అక్కడ దిగాక అంతా టూరు కంపెనీ మేనేజరు చేతుల్లోకి పోయింది. ఆయనకి ఏది చూసినా "సూపర్!" అనడం అలవాటు. విమానం ఆలస్యమైనా సూపరే, బస్సు చెడిపోయినా సూపరే. మొదటి సాయంత్రానికే పిల్లలు ఆయనకి సూపర్ సార్ అని పేరు పెట్టేశారు. ఆయన చేతిలో ఒక కర్ర, ఆ కర్ర చివర ఫోను. అది ఎప్పుడూ ఎవరి మొహం మీదో ఒకరి మొహం మీద ఊగుతూ ఉండేది.

సాహసం బాగానే సాగింది. రబ్బరు పడవలో నది మీద పోతుంటే ఒక బండ దగ్గర పడవ ఎగిరిపడి, బుడంకాయ తిన్నగా నీళ్లలోకి పోయింది. ఒక్క క్షణం పైన ఆకాశమో కింద ఆకాశమో తెలియలేదు. ఎవరో జాకెట్టు పట్టీ పట్టుకుని పైకి లాగారు. ముక్కులోంచి నోట్లోంచి నీళ్లు కక్కుతూ, దగ్గుతూ, పడీ పడీ నవ్వింది. పక్కనే కూర్చున్న స్నేహితురాలు ఫస్ట్‌ర్యాంకుకి ఏడుపు ఒక్కటే తక్కువ. ఒడ్డున సైన్సు మేడమ్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. సూపర్ సార్ మాత్రం కర్ర ఊపుతూ, "సూపర్! మళ్లీ ఒకసారి పడతావా? సరిగ్గా రాలేదు" అన్నాడు.

ఆ తర్వాత సేవ.

బస్సు కొండ మీదికి ఎక్కగలిగినంత ఎక్కి ఆగిపోయింది. వానలకి పైదారి జారిపోయిందట. అక్కణ్నుంచి నడక. దారి విరిగిన చోట కొందరు ఆడవాళ్లూ మగవాళ్లూ కింద వాగులోంచి రాళ్లు మోసుకొచ్చి పేరుస్తున్నారు. ఓ ముసలావిడ బడికి పోయే చిన్నపిల్లల్ని ఒక్కొక్కళ్లనే వీపున ఎక్కించుకుని బురద దాటిస్తోంది. యాత్రకొచ్చిన పిల్లలంతా ఆ పక్కనుంచే, రాళ్లు మోసేవాళ్లకి అడ్డం పడుతూ పైకి పోయారు.

బడి అంటే రెండు గదులు, పైన రేకులు. బడిపిల్లలు బయట వరసగా నిలబడి ఇంగ్లిషులో స్వాగతం పాట పాడారు. చాలాసార్లు పాడి పాడి అరిగిపోయిన పాటలా ఉంది అది. నోళ్లు పాడుతున్నాయి, కళ్లు ఎటో ఉన్నాయి. పెద్ద గదిలో బెంచీలన్నీ బయటికి తెచ్చి ముంగిట్లో ఒకదాని మీద ఒకటి పడేశారు. గది ఖాళీ. గోడ కింద నీలం రంగు డబ్బాలు, కొత్త బ్రష్షులు, కంపెనీ బొమ్మ వేసిన ఏప్రన్లు సిద్ధంగా ఉన్నాయి.

"ఈ గోడే మన సేవ!" అన్నాడు సూపర్ సార్. "ముందు గరుకు కాగితంతో రుద్దండి. తర్వాత రంగు. చివర్లో అందరూ అరచేతి ముద్రలు వేస్తారు. ఫొటో అప్పుడే!"

బుడంకాయకి కింది మూల దక్కింది. ఉత్సాహంగా రుద్దింది. కాసేపటికి పచ్చరంగు పెచ్చులూడి, కింద పసుపు కనపడింది. ఆ పసుపు మీద ఎవరిదో చిన్న అరచెయ్యి ముద్ర. ఇంకాస్త గీకితే దాని కింద కమలా రంగు, దాని మీద ఇంకో అరచెయ్యి. ఊడిన పెచ్చు చేతిలోకి తీసుకుంటే బిస్కెట్టంత మందంగా ఉంది.

"ఏయ్, ఇది చూడవే" అంది ఫస్ట్‌ర్యాంకుతో.

"పాత రంగు. గోడన్నాక పాత రంగు ఉండదా? రుద్దు, తొందరగా అయిపోతే తొందరగా పోవచ్చు."

బుడంకాయ ఆ పెచ్చు పట్టుకునే బయటికొచ్చింది. ముంగిట్లో బెంచీల కుప్ప మీద ఎర్ర స్వెట్టరు వేసుకున్న పిల్ల ఒకతి కూర్చుని లెక్కల పుస్తకం చదువుకుంటోంది. ఈడు తన ఈడే. అంతకుముందే సూపర్ సార్ ఆ పిల్లని బ్రష్షు పట్టుకుని నిలబడమని పిలిస్తే, తలైనా ఎత్తకుండా రానని చెప్పింది. పొగరు అనుకుంది అప్పుడు బుడంకాయ. ఇప్పుడు దగ్గరికెళ్లి జేబులోంచి చాక్లెట్ తీసి ఇవ్వబోయింది. ఇద్దరికీ వచ్చీరాని ఇంగ్లిషే, అయినా మాట బాగానే అర్థమైంది.

"నాకు చాక్లెట్ వద్దు. గది కావాలి" అంది ఎర్ర స్వెట్టరు పిల్ల.

"ఏ గది?"

"ఇప్పుడు మీరు నిలబడ్డ గది. అది మా క్లాసు. మీలాంటి వాళ్లు వచ్చినప్పుడల్లా మమ్మల్ని బయట పడేస్తారు. పోయినసారి వాళ్లు పచ్చ వేశారు. ఆ ముందువాళ్లు పసుపు. రంగు ఆరేదాకా మాకు చదువు లేదు. అది ఆరీ ఆరకుండానే ఇంకో గుంపు దిగుతుంది. మాకు పెద్ద పరీక్ష దగ్గరికొచ్చింది. లెక్కలు సగం కూడా కాలేదు."

బుడంకాయ చాక్లెట్ మళ్లీ జేబులో పెట్టేసుకుంది.

"మీ టీచరుకి చెప్పకపోయావా?"

"చెప్పాను. తల దించుకుంది."

ఆ బడి పంతులమ్మ వరండాలో నిలబడి, వచ్చినవాళ్లకి టీ కప్పులు తుడుస్తోంది. బుడంకాయ తిన్నగా ఆవిడ దగ్గరికే పోయింది. చేతిలో పెచ్చు చూపించి, "మేడమ్, ఈ గోడకి మళ్లీ రంగు నిజంగా కావాలా?" అని అడిగింది.

ఆవిడ ముందు సూపర్ సార్ ఎక్కడున్నాడో చూసుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "పైన రేకులు ఆ కంపెనీవాళ్లే వేయించారమ్మా. బెంచీలూ వాళ్లవే. రేపు గాలివానకి రేకు ఎగిరిపోతే మళ్లీ నేను వాళ్లనే అడగాలి. వద్దు అనే మాట నా నోటినుంచి రాకూడదు" అంది. కప్పు తుడవడం ఆపలేదు. అప్పటికే తుడిచిన కప్పునే మళ్లీ తుడుస్తోంది.

వెనకాలే వచ్చి నిలబడ్డ ఎర్ర స్వెట్టరు పిల్ల, "ఆవిడకి వద్దు అనడానికి లేదు. నువ్వు అనగలవు కదా?" అంది.

ఆ మాట బుడంకాయకి చెంప మీద కొట్టినట్టే తగిలింది. తనకేం పోతుంది? మహా అయితే ఒక కాగితం. ఇన్నాళ్లూ ఇంట్లో, క్లాసులో, వీధిలో ఎక్కడ పడితే అక్కడ వాగిన నోరు, ఇక్కడ ఒక్క మాట అనడానికి ఎండిపోయింది. ఎందుకంటే ఇది వాగుడు కాదు. అన్నాక వెనక్కి తీసుకోవడానికి లేదు.

లోపలికెళ్లి ఏప్రన్ విప్పి, మడిచి, రంగు డబ్బా మీద పెట్టింది.

"సార్, ఈ గోడకి మేం రంగు వేయం."

"సూప..." అని సూపర్ సార్ సగంలో ఆగాడు. "ఏంటమ్మా? అలిసిపోయావా? నీళ్లు తాగు."

"అలిసిపోలేదు. వీళ్లకి చదువుకోడానికి గది కావాలి. మనం వచ్చి గది లాక్కున్నాం. బెంచీలు లోపల పెట్టేద్దాం."

"చూడు తల్లీ, ఇదంతా ఎప్పుడో నిర్ణయమైపోయింది. గోడ అంటే గోడే. రంగు వేయనివాళ్లకి సర్టిఫికెట్ రాదు. తెలుసుగా?"

"రాకపోతే మానె."

గదిలో బ్రష్షులన్నీ ఆగిపోయాయి. సైన్సు మేడమ్ గబగబా వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఊరు కాని ఊరొచ్చి ఇదేం గొడవే? నోరు మూసుకుని పని చెయ్యి. మీ అమ్మకి నేనేం చెప్పుకోను?"

"ఉన్నదున్నట్టే చెప్పండి మేడమ్."

ఫస్ట్‌ర్యాంకు మొహం కందగడ్డలా అయిపోయింది. "నీకు అక్కర్లేకపోతే నువ్వు మానెయ్. అందరి కొంపా ముంచకు. ఆ సర్టిఫికెట్ కోసమే మా నాన్న కాళ్లా వేళ్లా పడి ఒప్పించుకుని వచ్చాను" అంది. ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినపడింది. స్నేహితురాలు చెప్పిందీ నిజమే.

బుడంకాయ బయటికి నడిచి, కుప్పలోంచి ఒక బెంచీ కొస పట్టుకుని లాగింది. అది కదిలితేగా. రెండు చేతులతో, పళ్లు బిగించి లాగితే నేల మీద కీచుమంటూ ఇంత దూరం వచ్చింది. ఆ చప్పుడుకి బడిపిల్లలంతా తిరిగి చూశారు. ఎర్ర స్వెట్టరు పిల్ల పుస్తకం చంకలో పెట్టుకుని రెండో కొస ఎత్తింది. ఇద్దరూ కలిసి దాన్ని గుమ్మం దాటించి, నల్లబల్ల ఎదురుగా దించారు.

రెండో బెంచీకి క్లాసులో అందరికంటే పొడుగువాడు వచ్చాడు. వాడి పేరు స్తంభం. బుడంకాయ ఒక కొస, స్తంభం ఒక కొస. బెంచీ ఏటవాలుగా జారుబల్లలా తయారైంది. "ఒరేయ్, కాస్త కిందికి వంగరా" అని ఈ పిల్ల, "నువ్వే కాస్త పెరగవే" అని వాడు. బడిపిల్లలు అప్పుడు నవ్వారు, పొద్దుటినుంచి మొదటిసారి. ఆ నవ్వుతో ఇంకొందరు బ్రష్షులు వదిలి వచ్చారు. అందరూ రాలేదు. సగంమంది కూడా రాలేదు. ఫస్ట్‌ర్యాంకూ మిగతావాళ్లూ బయటి గోడ వైపు మళ్లి, అక్కడ రంగు వేయడం మొదలుపెట్టారు.

బెంచీలన్నీ లోపలికి చేరాక పంతులమ్మ గుమ్మంలో నిలబడి, సూపర్ సార్ వైపు ఒకసారి, గది వైపు ఒకసారి చూసింది. చేతిలో కప్పు కిటికీలో పెట్టింది. సుద్దముక్క తీసుకుంది. "నిన్న ఎక్కడ ఆపాం?" అంది. నిన్న కాదు, ఆపి చాలా రోజులే అయింది. అయినా పిల్లలందరికీ గుర్తుంది, ఒక్కసారే అరిచి చెప్పారు.

సూపర్ సార్ అప్పటికే ప్రిన్సిపాల్‌కి ఫోను చేసేశాడు. మాట్లాడి మాట్లాడి, ఫోను సైన్సు మేడమ్ చేతిలో పెట్టాడు. ఆవిడ వరండాలో నిలబడి, "అవును సార్... తెలుసు సార్... అలాగే సార్..." అంటూ చెమటలు తుడుచుకుంది. కిటికీలోంచి లోపల లెక్క చెబుతున్న గొంతు వినపడుతోంది. మేడమ్ అటు తిరిగి చూస్తూ ఉండిపోయింది. నల్లబల్ల మీద లెక్క సగానికొచ్చింది. వెనక బెంచీలో ఒకడు చెయ్యి ఎత్తి సందేహం అడుగుతున్నాడు.

"సార్, లోపల క్లాసు జరుగుతోంది" అంది ఫోనులో. "జరిగే క్లాసుని మధ్యలో ఆపించడం నావల్ల కాదు. ఎన్నేళ్లుగానో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని. ఉంటాను సార్." అని పెట్టేసింది. పెట్టేశాక తను ఏం చేసిందో అప్పుడు తెలిసొచ్చినట్టు మెట్టు మీద కూలబడి, "నీ వల్ల నా ఉద్యోగం కూడా ఊడేలా ఉందే" అంది బుడంకాయతో. అయితే ఆ రోజు మళ్లీ ఆ పిల్లని రంగు వేయమని మాత్రం అనలేదు.

మర్నాడు పొద్దున్నే సూపర్ సార్ కొత్త మెలిక పెట్టాడు. రంగు వేయనివాళ్లు బసలోనే కూర్చోవాలన్నాడు. "అయితే కింద దారి దగ్గర రాళ్లు మోస్తాం" అంది బుడంకాయ.

"అమ్మో! అది ప్రమాదం. ఎవరికైనా దెబ్బ తగిలితే కంపెనీది బాధ్యత కాదు."

"మొన్న నన్ను నదిలో పడేశారు సార్. అప్పుడు సూపర్ అన్నారు. మళ్లీ పడమన్నారు కూడా. ఇవాళ రాయి మోస్తే ప్రమాదం వచ్చిందా?"

సూపర్ సార్ కర్ర మొదటిసారి కిందికి వాలింది. సైన్సు మేడమ్ షూ లేసులు బిగించుకుంటూ, "నేనూ పోతాను వీళ్లతో. చూసుకుంటాను" అంది.

దారి దగ్గర ముసలావిడ వీళ్లని ఎగాదిగా చూసింది. బరువు ఎత్తడం రాదు, బురదలో నిలబడటం రాదు. మొదట గులకరాళ్లంత చిన్న రాళ్లు ఇచ్చి చూసింది. తర్వాత నవ్వి వాగు నుంచి దారిదాకా అందర్నీ వరసగా నిలబెట్టి, చేతులు మార్చుకుంటూ అందించమంది. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి. స్తంభం కాలి మీద రాయి జారవిడుచుకుని ఒంటికాలి మీద గెంతాడు. బుడంకాయ రెండుసార్లు బురదలో కూలబడింది. ముసలావిడ ఏదో అని పగలబడి నవ్వితే, బడి వదిలాక వచ్చి వరసలో నిలబడ్డ ఎర్ర స్వెట్టరు పిల్ల తర్జుమా చేసింది. "ఒక్కొక్కరుగా ఎవరూ ఎందుకూ పనికిరారట. అందరూ కలిస్తే ఒక గాడిద చేసేంత పని అవుతోందట."

"గాడిదకి సర్టిఫికెట్ ఇస్తారేమో అడుగు" అంది బుడంకాయ, నడుం పట్టుకుని.

ఉన్న రోజులన్నీ అదే పని. దారి పూర్తి కాలేదు. కానీ బురద దగ్గర రాళ్లు గట్టిగా కూర్చుని, చిన్నపిల్లలు ఎవరి వీపూ ఎక్కకుండా తమ కాళ్ల మీద నడిచి బడికి పోయారు. ఫొటోలు ఎవరూ తీయలేదు.

బయల్దేరే పొద్దున ఎర్ర స్వెట్టరు పిల్ల బస్సు దాకా వచ్చింది. కౌగిలింతలేం లేవు. "మళ్లీ వస్తావా?" అని అడిగింది.

"వస్తే రంగు తేను."

"అయితే రా" అంది ఆ పిల్ల.

చివరిరోజు హోటల్ హాల్లో సర్టిఫికెట్లు పంచారు. రాళ్లు మోసినవాళ్లని ఒక్కరినీ పిలవలేదు. ఫస్ట్‌ర్యాంకు తనది తీసుకుని, కిందికి దిగుతూ బుడంకాయ వైపు చూడకుండా పోయింది. విమానంలో వేరే వరసలో కూర్చుంది. ఆ బాధ మాత్రం బొబ్బలకంటే ఎక్కువ రోజులే ఉంది.

ఇంటికొచ్చాక అసలు తంతు మొదలైంది. కంపెనీవాళ్లు ఫిర్యాదు చేశారు. ప్రిన్సిపాల్ అమ్మని పిలిపించాడు. ఆవిడ ల్యాబు కోటుతోనే పరుగెత్తుకొచ్చింది. గేటు దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ గదిదాకా, "నోరు కాస్త మూసుకుంటే నీ సొమ్మేం పోయేదే?" అని కూతుర్ని చీవాట్లు పెడుతూనే ఉంది.

"మీ అమ్మాయి బడి పరువు తీసిందండీ" అన్నాడు ప్రిన్సిపాల్. "వేరే దేశంలో పెద్దలకి ఎదురు తిరిగింది. రేపు ప్రార్థన దగ్గర అందరి ముందూ క్షమాపణ చెప్పాలి. లేకపోతే ఇక ఏ యాత్రకీ, ఏ పోటీకీ పంపం."

అమ్మ కూతురి వైపు తిరిగింది. "అసలేం చేశావే అక్కడ? మొత్తం చెప్పు."

బుడంకాయ మొత్తం చెప్పింది. గోడ, పెచ్చులు, గది, బెంచీలు, రాళ్లు. చెబుతుంటే అమ్మ అలవాటు కొద్దీ కూతురి చెయ్యి లాక్కుని, అరచెయ్యి తిప్పి, వెలుతురులో పెట్టి చూసింది. పగిలిన బొబ్బల చోట కొత్త చర్మం గులాబీరంగులో వస్తోంది. ఆవిడ వేలితో మెల్లిగా నొక్కింది.

"చీము పట్టలేదు" అంది ముందు. తర్వాత ప్రిన్సిపాల్‌తో, "క్షమాపణ చెప్పాలో వద్దో దాని ఇష్టమండీ. నేను మాత్రం చెప్పమని చెప్పను. ల్యాబులో జనం నిలబడి ఉంటారు, వెళ్లొస్తాను" అని లేచింది.

మర్నాడు బడంతా వరసల్లో నిలబడింది. ప్రిన్సిపాల్ పేరు పిలిచాడు. అసలు పేరు పిలిచేసరికి ఎవరో ఏమిటో సగంమందికి అర్థం కాలేదు. బుడంకాయ వేదిక ఎక్కింది. మైకు తలకంటే ఎత్తున ఉంది. దాన్ని కిందికి వంచుకుంది. సైన్సు మేడమ్ టీచర్ల వరసలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"మేం వెళ్లిన బడిలో పిల్లలకి చదువుకోడానికి ఒకటే పెద్ద గది ఉంది" అంది. "అందులోంచి వాళ్లని బయటికి పంపి గోడకి రంగు వేయమన్నారు. మేం వేయలేదు. నేను క్షమాపణ..."

మైకు చటుక్కున ఆగిపోయింది. ఎవరో తీగ లాగేశారు. వెనక వరసల్లోంచి, "వినపడట్లేదు!" అని స్తంభం గొంతు వచ్చింది. "వినపడట్లేదు!" అని ఇంకెవరో అందుకున్నారు. "క్లాసులకి వెళ్లండి!" అన్నాడు ప్రిన్సిపాల్. గంట కొట్టించాడు. గంట మోగుతూనే ఉంది.

బుడంకాయ వేదిక దిగింది. దిగి క్లాసుకి పోలేదు. వరసల మధ్యకి నడిచింది. పిల్లలు చుట్టూ మూగారు. ఫస్ట్‌ర్యాంకు తన చోటినుంచి కదల్లేదు. అయితే తల మాత్రం ఇటే తిప్పి ఉంది.

"నేను క్షమాపణ చెప్పను" అంది బుడంకాయ, గంట చప్పుడు మీదుగా, గొంతు చించుకుని. "ఎందుకు చెప్పనో వినండి."

విన్నారు. గంట కొట్టేవాడు కూడా కాసేపటికి కొట్టడం ఆపి విన్నాడు. ప్రిన్సిపాల్ రెండుసార్లు పిలిచాడు. చెప్పాల్సిందంతా చెప్పడం అయ్యాకే ఆ పిల్ల క్లాసు వైపు కదిలింది.